రెండింటి షో

మధ్యాహ్నం రెండు కావస్తోందంటే చాలు, రస్సెల్ హేన్స్ గొంతు సవరించుకుంటాడు. మిగతా లోకమంతా ఆయన బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది. పొద్దున ఏం తిన్నాడో తెలియదు. సొంత కూతురు ఫోన్ చేస్తే ‘థాంక్యూ మేడమ్’ అని పెట్టేస్తాడు. తానుంటున్నది షికాగో దగ్గర అరోరా ఊరి చివర మాజీ సైనికుల కోసం కట్టిన వృద్ధాశ్రమం అన్న సంగతీ తెలియదు. రెండింటికల్లా మైకు ముందు ఉండాలన్నది మాత్రం తెలుసు. 1969లో వియత్నాం కొండల్లో అమెరికా సైన్యం నడిపిన ఓ చిన్న రేడియో స్టేషన్లో ఆయన డిస్క్ జాకీ. ఆ రెండింటి షో ఆయనకింకా అయిపోలేదు.

ఆ షోకి అప్పుడు ఆపరేటరు వేణుమాధవ్. ఏం చెప్పమంటారు, ఇప్పుడూ ఆయనే.

వేణుమాధవ్‌ది చీరాల. అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, టెలిఫోన్ కంపెనీలో చేసి రిటైరైన మనిషి. అరోరాలో తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీలకి వెళ్తే ఒక మూల ప్లేటు పట్టుకుని కూర్చుంటాడు. కుర్రాళ్ళు హెచ్ వన్ గురించీ, గ్రీన్ కార్డ్ క్యూ గురించీ గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఎప్పుడైనా ఎవరో ఒకరు వచ్చి, “అంకుల్, మీరు నిజంగా వియత్నాం వార్‌కి వెళ్ళారా? జోకా?” అని అడుగుతారు. జోకేమీ కాదు నాయనా. పందొమ్మిది వందల అరవయ్యేడులో చదువుకుందామని షికాగో వచ్చాడు. అప్పట్లో గ్రీన్ కార్డ్ తేలిగ్గా దొరికేది. దొరికింది కదా అని సంబరపడ్డాడు. ఆ కార్డు ఉన్న కుర్రాళ్ళని కూడా సైన్యంలోకి లాక్కుపోతారని ఆయనకెవరూ చెప్పలేదు. పిలుపు రాగానే స్నేహితులు ఇండియా పారిపొమ్మన్నారు. అప్పుచేసి వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్తాడు? వెళ్ళలేదు. గుండు గీసి, బూట్లిచ్చి, అంత పొడుగు పేరు తమ వల్ల కాదని ‘విన్నీ’ అని పిలవడం మొదలుపెట్టారు.

చీరాలలో రేడియో షాపులో కూర్చునేవాడన్న ఒక్క కారణానికి ఆయన్ని తుపాకీ దగ్గర కాక టర్న్‌టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అదృష్టమంటే అదే. అద్దానికి అటువైపు రస్సెల్, ఇటువైపు వేణుమాధవ్. రికార్డు పెట్టి, పాట మొదటి స్వరం దగ్గర ముల్లు ఆనించి, అర చుట్టు వెనక్కి తిప్పి, అంచు మీద వేలు ఒత్తి పట్టుకునేవాడు. కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు కదలదు. రస్సెల్ చివరి మాట అనగానే వేలెత్తాలి. అంతే. మాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చేంత సందు కూడా ఉండకూడదు. ఎందుకంటే చుట్టుపక్కల గుట్టల్లో, బంకర్లలో చిన్న ట్రాన్సిస్టర్లు చెవికి ఆనించుకున్న కుర్రాళ్ళుంటారు. రేడియో మూగబోయిందంటే స్టేషన్ మీద గుండు పడిందనుకుంటారు వాళ్ళు. అందుకని గొంతు పోయినా, నిద్ర ముంచుకొచ్చినా, నిశ్శబ్దం మాత్రం రానివ్వకూడదన్నది ఆ ఇద్దరి పని.

ఆ పని అక్కడితో అయిపోయిందనే అనుకున్నాడు వేణుమాధవ్. తర్వాత ఉద్యోగం, నాగమణితో పెళ్ళి, శ్రీవల్లి పుట్టడం, ఇంటి లోను, ఇవన్నీ అందరికీ ఉండేవే. రస్సెల్ సంగతి నలభై ఏళ్ళు గుర్తే లేదంటే అబద్ధం గానీ, గుర్తొచ్చినా వెతికిందీ లేదు. రెండు వేల తొమ్మిదిలో లోకల్ పేపర్లో ఆ ఆశ్రమం వాళ్ళ ఫొటో ఒకటి పడింది. వీల్‌చెయిర్లలో జెండాలు పట్టుకున్న ముసలివాళ్ళలో ఒకాయన కింద రస్సెల్ హేన్స్ అన్న పేరు. పళ్ళు తీసుకుని చూడ్డానికి వెళ్ళాడు. రస్సెల్ ఈయన్ని ఎగాదిగా చూసి, “లేటు చేశావేంటి విన్నీ? రెండు కావస్తోంది. పాటలు పెట్టుకున్నావా?” అన్నాడు.

పెళ్ళాం పేరు మర్చిపోయిన మనిషి ఆ మాట అంటే ఎవడు మాత్రం లేచి వచ్చేయగలడు? వేణుమాధవ్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. కూలబడ్డవాడు రెండేళ్ళయినా లేవలేకపోయాడు.

ఎవరో గరాజ్ సేల్‌లో అమ్ముతుంటే పాత మైకు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి తీగ ఉంది గానీ ఆ తీగ ఎక్కడికీ వెళ్ళదు. శ్రీవల్లి వాడి పడేసిన ఐపాడ్, ఓ చిన్న స్పీకరు. మధ్యలో భోజనాల బల్ల. రస్సెల్ అటు, ఈయన ఇటు. రస్సెల్ వాన పడుతోందంటాడు, బూట్లు ఆరబెట్టుకోమంటాడు, వంటవాడి మీద జోకులేస్తాడు. వేణుమాధవ్ వేలు చూపిస్తే ఆగుతాడు. మీట నొక్కితే పాట వస్తుంది. గంట సేపు, రోజూ. అవే జోకులు, అదే వాన, అదే వంటవాడు. మొదటి నెల కళ్ళనీళ్ళు తిరిగాయి. మూడో నెలకి ఆవలింతలొచ్చాయి. తర్వాత్తర్వాత పన్నెండు దాటిందంటే ఒళ్ళు బరువెక్కడం మొదలైంది. ప్రేమ ఉంటే విసుగు రాదని ఎవరన్నా అంటే నమ్మకండి. కారు మీది మంచు గీక్కుని, ఎదురుగాలిలో డ్రైవ్ చేసి, ఓపిక లేని మోకాళ్ళతో ఆ మెట్లెక్కేటప్పుడు, ఈ పూట ఆయన నిద్రపోతూ ఉంటే బావుండునని చాలాసార్లు అనుకున్నాడు. ఏ పూటా నిద్రపోయి లేడు మహానుభావుడు.

“మీ దొరగారికి జీతం లేని నౌకరు దొరికాడు,” అనేది నాగమణి. “ఇంట్లో నాతో నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు మీకు!”

మొన్న ఫిబ్రవరిలో అదే నాగమణి చెత్త డబ్బా బయటపెట్టడానికి వెళ్ళి వాకిట్లో ఐసు మీద జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్, ఆసుపత్రి, తర్వాత వాకర్. ఆ గొడవల్లో వేణుమాధవ్ పది పన్నెండు రోజులు ఆశ్రమం వైపు వెళ్ళలేదు. వెళ్ళేసరికి రస్సెల్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం ముట్టడంలేదు, మందులు మింగడంలేదు. చెక్కిళ్ళు లోపలికి పీక్కుపోయాయి. ఈయన్ని చూసి లేచి కూర్చుని, ఏమీ జరగనట్టే గొంతు సవరించుకున్నాడు.

“ఇంక మీరు రాకుంటె ఈయన బతకడు అంకుల్,” అంది ఉమామహేశ్వరి. ఆ అమ్మాయి అక్కడ నర్సు, నిజామాబాదు పిల్ల. “నేను అబద్ధం చెప్తలేను. డాక్టర్ గూడ అదే అన్నడు.”

అసలు చిక్కు అక్కడ వచ్చింది. పైన బెడ్రూములున్న ఇల్లు నాగమణికి ఇక పనికిరాదు. మంచు పడని శాంటా క్లారాలో ఉంటున్న శ్రీవల్లి వచ్చి, తల్లి వాకర్ పట్టుకుని మెట్ల కింద నిలబడి పైకి చూస్తుంటే చూసి ఏడ్చింది. “డాడీ, ప్లీజ్. అమ్మని ఇంకొక వింటర్ ఇక్కడ ఉంచొద్దు. మా ఇంట్లో కింద రూమ్ ఉంది. మీరు ఇద్దరు వచ్చేయండి,” అంది తన అమెరికా యాసలో. కాదనడానికేముంది? ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆగస్టులో బేరం కుదిరింది, అక్టోబరుకి టికెట్లు బుక్ చేశారు. వేణుమాధవ్ అన్నిటికీ తలూపాడు. లోపల మాత్రం ఒకటే దిగులు. తను వెళ్ళిపోతే ఆ మనిషి మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. ఈసారి లేపేవాళ్ళుండరు. పెళ్ళాన్ని ఐసులో వదలలేడు, రస్సెల్‌ని గోడకి వదలలేడు. ఆ రెండు నెలలూ ఆయనకి తిండి సయించలేదు.

తన బదులు ఇంకొకరిని కూర్చోబెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఉమామహేశ్వరి సరేనంది. మంచి పిల్ల, పాటల వరస రెండు రోజుల్లో పట్టేసింది. ఒకరోజు ఈయన వసారాలో దాక్కుని ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాడు.

రస్సెల్ ఆమెని చూశాడు, ఖాళీగా ఉన్న తలుపు వైపు చూశాడు. “విన్నీ ఏడీ?” అన్నాడు. రాలేదని చెప్పింది. “రాకపోవడమేంటి? విన్నీకి ఏమైంది? నాకెందుకు చెప్పడం లేదు మీరు?” అంటూ గొంతు పెంచాడు. మైకు విసిరేశాడు. బల్ల కిందికి దూరి, తల మీద చేతులు పెట్టుకుని, విన్నీ విన్నీ అని కేకలు. వేణుమాధవ్ పరిగెత్తుకొచ్చి ఎదుట నిలబడ్డా చాలాసేపటిదాకా ఆ కేకలు ఆగలేదు.

“నాతోని కాదు అంకుల్,” అంది ఉమామహేశ్వరి, కళ్ళు తుడుచుకుంటూ. “మీరు సచ్చిపోయినట్టే ఏడ్చిండు ఆయన.”

ఇంటికొచ్చి చెబితే నాగమణి, “చెప్పకుండా వెళ్ళిపోదామండీ,” అంది. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. “చిన్నపిల్లల్ని వదిలి వెళ్ళేటప్పుడు చెప్తామా? రెండు రోజులు ఏడుస్తాడు, తర్వాత మర్చిపోతాడు. అన్నీ మర్చిపోయినవాడికి ఇదొక లెక్కా?”

అదే మర్చిపోవడం లేదు కదే పిచ్చిదానా, అనుకున్నాడు వేణుమాధవ్. ఇంకో దారి ఆయనకీ తోచలేదు.

ప్రయాణం రోజు వచ్చింది. సామాను ముందే వెళ్ళిపోయింది. విమానం సాయంత్రం. అద్దెకు తెచ్చిన కారులో నాగమణిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, “ఒక్క గంట,” అని ఆశ్రమం ముందు ఆపాడు. “వెళ్ళి రండి. ఏడవకండి అక్కడ,” అందామె. షో పూర్తి చేసి, ఎప్పటిలా లేచి వచ్చేయాలన్నది ఆయన ఉద్దేశం.

రస్సెల్ అప్పటికే తల దువ్వుకుని సిద్ధంగా ఉన్నాడు. వాన సంగతి చెప్పాడు, బూట్లు ఆరబెట్టుకోమన్నాడు. వేణుమాధవ్ వేలు చూపించాడు, పాట పెట్టాడు. రెండో పాట అవుతుండగా రస్సెల్ మైకు మీద చెయ్యి మూసి, ముందుకు వంగి, “ఏంటి విన్నీ, మొహం అలా ఉంది? ఇంటి దగ్గర నుంచి ఏమన్నా కబురొచ్చిందా?” అన్నాడు.

ఎవరైనా తన మొహం వైపు చూసి అలా అడిగి ఎన్నాళ్ళయిందో. వేణుమాధవ్ అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చాడు గానీ అది నోటికి అందలేదు.

“రస్, నేను వెళ్ళిపోతున్నాను,” అన్నాడు. “ఇంటికి వెళ్ళిపోతున్నాను.”

అని, బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు కేకలు పెడతాడు, ఇప్పుడు బల్ల కిందికి దూరతాడు, ఏదో అవుతుందని.

రస్సెల్ కళ్ళు పెద్దవయ్యాయి. “ఆర్డర్లొచ్చాయా?” అన్నాడు గుసగుసగా. “ఎప్పుడు?”

“ఇవాళే.”

“ఇవాళే! ఓరి పిచ్చోడా, ఇంత సేపూ చెప్పకుండా కూర్చుంటావా!” అని లేచాడు. ఆసరా లేనిదే లేవలేని మనిషి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి వేణుమాధవ్‌ని రెండు చేతులా వాటేసుకున్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. “బతికి వెళ్తున్నావురా! నిన్ను బతికి పంపిస్తున్నారు!” అని వీపు మీద గుద్దాడు.  రెండు నెలలుగా వేణుమాధవ్ ఈ మనిషికి చావు కబురు మోసుకొస్తున్నానని కుమిలిపోయాడు. ఆ కొండల్లో ఉన్నవాడికి స్నేహితుడు ఇంటికి వెళ్తున్నాడన్న మాటని మించిన శుభవార్త ఇంకొకటి ఉండదని తట్టనే లేదు.

“ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? లే, లే. ట్రక్కు వెళ్ళిపోతుంది,” అని తరిమాడు రస్సెల్. “నీ పేరు నేను చదువుతాను. దారిలో విను.”

అప్పుడు గుర్తొచ్చింది వేణుమాధవ్‌కి. ఆ స్టేషన్లో ఒక ఆచారం ఉండేది. ఇంటికి వెళ్ళేవాడి పేరు డిస్క్ జాకీ రేడియోలో చదివేవాడు. వెళ్ళేవాడు లోపల కూర్చోకూడదు. ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్ళే ట్రక్కులో రేడియో ఉండేది, అందులో వినాలి. పేరు చదివేదాకా ఆ కుర్చీ అతనిదే, ఇంకొకరు కూర్చునేవారు కాదు. పేరు చదవకుండా కుర్చీలోకి కొత్త మనిషి వచ్చాడంటే దానికి అక్కడ ఒకటే అర్థం. ఆ రోజు ఉమామహేశ్వరిని కూర్చోబెట్టి తాను చేసిన నిర్వాకమేమిటో వేణుమాధవ్‌కి ఇప్పుడు బోధపడింది. 

ఇంకొకటీ గుర్తొచ్చింది, అది ఇంతవరకూ నాగమణికి కూడా చెప్పలేదు. 1970లో ఇంటికి వెళ్ళే తన వంతు వచ్చేసరికి రస్సెల్ ముందే వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన కుర్రాడికి తాగుడు ఎక్కువ, పని తక్కువ. ట్రక్కులో దారి పొడుగునా రేడియోకి చెవి ఒగ్గి కూర్చున్నాడు వేణుమాధవ్. పాటలొచ్చాయి, వాతావరణం వచ్చింది, విమానం ఎక్కేశాడు. పేరు మాత్రం రాలేదు.

బయటికొచ్చి, వసారాలో మందుల బండి తోసుకుపోతున్న ఉమామహేశ్వరి చెయ్యి పట్టుకుని ఆపి గబగబా నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. లోపల రెండో పాట అయిపోయింది. రస్సెల్ గొంతు వినిపించింది, ముసలితనం వదిలేసి వచ్చినట్టు ఖణీమంటూ.

“రెండింటి షో వింటున్న మీకందరికీ ఒక మంచి మాట. మా ఆపరేటరు విన్నీ ఇవాళ ఇంటికి వెళ్తున్నాడు. రెండు కాళ్ళతో వెళ్తున్నాడు, రెండు చేతులతో వెళ్తున్నాడు. ఈ స్టేషన్ బతికి ఉందని మీకు తెలుస్తోందంటే దాని వెనక ఉన్నది వాడి వేలే. విన్నీ, వింటున్నావా? వెనక్కి తిరిగి చూడకు.”

అంతే. తర్వాత పాట రాలేదు. వేలు చూపించేవాళ్ళు లేరు, మీట నొక్కేవాళ్ళు లేరు. ఆ నిశ్శబ్దం వేణుమాధవ్ చెవుల్లో హోరెత్తిపోయింది. తెలియకుండానే చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది.

ఉమామహేశ్వరి ఆ చెయ్యి మెల్లిగా తీసేసింది. “మీరు పోండ్రి అంకుల్. మీ పేరు చదివిండు గద,” అని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

“ఎవరు నువ్వు, కొత్తగా వచ్చావా?” అన్నాడు రస్సెల్ లోపల. “ఆడపిల్లల్ని కూడా పంపుతున్నారా ఈ కొండల్లోకి! సరే, ఏం చేస్తాం, కూర్చో. ఇక్కడ ఒకటే రూలు, చప్పుడు ఆగకూడదు. ఇంతకుముందున్న విన్నీ ఒక్కనాడు కూడా ఆగనివ్వలేదు.”

పాట మొదలైంది.

గుండె మీంచి బండ దిగినట్టయింది వేణుమాధవ్‌కి. ఆ వెంటనే అక్కసు కూడా పుట్టింది. ఇంత తేలికా? రెండేళ్ళు మోకాళ్ళరిగేలా తిరిగితే, నేను లేకపోతే చచ్చిపోతాడని నిద్రలు మానుకుంటే, షో మధ్యలోనే ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నాడు! కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ రెండింటికీ ఓపిక లేక గోడకి ఆనుకున్నాడు. లోపల రస్సెల్ కొత్త ఆపరేటర్‌కి వంటవాడి జోకు చెబుతున్నాడు. ఉమామహేశ్వరి మొదటిసారి విన్నదానిలా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వింటూ మెట్లు దిగాడు. వెనక్కి మాత్రం చూడలేదు.

నాగమణి కారు అద్దం దించి ఆయన మొహం చూసింది. ఏడవొద్దని చెప్పినా ఏడ్చాడని తెలిసింది గానీ, దెప్పలేదు.

“చెప్పారా?”

“చెప్పాను.”

“ఏమన్నాడు పాపం?”

“ఇంటికెళ్ళమన్నాడు,” అన్నాడు వేణుమాధవ్, సీట్లో కూర్చుంటూ.

“ఏ ఇంటికండీ?” అంది నాగమణి. “తాళాలు పొద్దున్నే ఇచ్చేశాం కదా.”

వేణుమాధవ్ సీటు బెల్టు పెట్టుకున్నాడు. తర్వాత కారు స్టార్ట్ చేశాడు.